బర్మా నుంచి నడిచొచ్చిన హెలెన్‌ని బొంబాయి సినిమా ఎలా వాడుకుంది

హెలెన్ అనగానే చాలామందికి షోలేలో గబ్బర్ సింగ్ ముందు ఆడిన మెహబూబా పాట గుర్తొస్తుంది, పాత హిందీ పాటలు ఇంకొంచెం ఎక్కువ చూసేవాళ్ళైతే కారవాన్‌లో మోనికా అంటారు, హౌరా బ్రిడ్జ్‌లో చిన్ చిన్ చూ అంటారు. క్యాబరే క్వీన్ అని ఒక బిరుదు తగిలించేసి అక్కడితో ఆపేస్తారు. ఆమె బర్మా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన కుటుంబంలో పిల్ల అన్న సంగతి తెలిసినవాళ్ళు కూడా దాన్ని జాలి కథలా ఓ పక్కన చెప్పి, డాన్సుల సంగతి ఇంకో పక్కన చెప్తారు. కానీ ఈ రెండూ విడదీస్తే ఆమె కెరీర్ సగమే అర్థమవుతుంది. బొంబాయి సినిమాకి ఆమె మొహంలో, ఒంటి రంగులో, పేరులో ఒక పరాయితనం కనపడింది, ఆ పరాయితనానికే పని ఇచ్చింది, మళ్ళీ ఆ పరాయితనం పేరు చెప్పే ఇరవై ఏళ్ళకి పైగా ఆమెని ఒకే గీత లోపల ఉంచింది. ఆ గీత లోపలే ఉండి ఆమె ఎంత పని చేసిందనేది అసలు మాట్లాడుకోవాల్సిన విషయం.

హెలెన్ 1938లో రంగూన్‌లో పుట్టింది. నాన్న ఆంగ్లో ఇండియన్, అమ్మ బర్మీస్. అప్పటి రంగూన్ గురించి మన ఉత్తరాంధ్ర వాళ్ళకి, గోదావరి వాళ్ళకి పెద్దగా చెప్పక్కర్లేదు, శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ వైపు నుంచి తరాల తరబడి జనం ఓడెక్కి పోయింది అక్కడికే, హార్బర్‌లో బస్తాలు మోసినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉండేవాళ్ళు, కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళని కోరంగీలు అనే పిలిచేవాళ్ళు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ సిటీలో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి, 1942 మార్చికల్లా సిటీ జపాన్ చేతిలోకి పోయింది. ఓడలో చోటు దొరికినవాళ్ళు మద్రాసుకో కలకత్తాకో చేరారు, దొరకనివాళ్ళు కొండలూ అడవులూ దాటి నడక మొదలుపెట్టారు. దాదాపు 5 లక్షల మంది అలా బర్మా వదిలి ఇండియాకి వచ్చారని అంచనా, వాళ్ళలో దారిలోనే కలరాతో, మలేరియాతో, ఆకలితో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. తెల్లవాళ్ళకి ఒక దారి, నల్లవాళ్ళకి ఒక దారి అని తేడా చూపిస్తున్నారని కాంగ్రెస్ నాయకులు అప్పట్లోనే బ్రిటిష్ ప్రభుత్వాన్ని నిలదీశారు.

హెలెన్ నాన్న యుద్ధంలో చనిపోయాడు. అమ్మ అప్పుడు కడుపుతో ఉంది, ఇంకా బడి ముఖం కూడా చూడని హెలెన్‌ని, కొడుకుని వెంటబెట్టుకుని ఒక గుంపుతో కలిసి బయల్దేరింది. ఈ నడక గురించి హెలెన్ 1964లో ఫిల్మ్‌ఫేర్ పత్రికకి చెప్పింది. చేతిలో పైసా లేదు, తిండి లేదు, ఒంటి మీద గుడ్డలు తప్ప పెద్దగా ఏమీ లేవు, దారిలో ఊళ్ళవాళ్ళు పెట్టింది తినడం, ఎక్కడైనా బ్రిటిష్ సైనికులు ఎదురుపడితే కాసేపు బండి ఎక్కించుకుని, బొబ్బలెక్కిన కాళ్ళకి మందు రాసి, కాస్త తిండి పెట్టి పంపడం. దారిలోనే అమ్మకి గర్భం పోయింది. అస్సాంలో దిబ్రూగఢ్ చేరేసరికి బయల్దేరిన గుంపులో సగం మందే మిగిలారు. తల్లీకూతుళ్ళు ఎముకల గూళ్ళలా అయిపోయారు, తమ్ముడి పరిస్థితి మరీ ఘోరం, రెండు నెలలు ఆస్పత్రిలోనే ఉన్నారు. కోలుకుని కలకత్తా వెళ్తే అక్కడ ఆ తమ్ముడు మశూచితో చనిపోయాడు. తర్వాత బొంబాయి.

బొంబాయిలో అమ్మ నర్సుగా చేసేది, ఆ జీతం చాలదు, అందుకని హెలెన్ చదువు మధ్యలో ఆపేసింది. అప్పటికి హిందీ సినిమాల్లో పేరున్న డాన్సర్ కుక్కూ, ఆమె కూడా ఆంగ్లో ఇండియనే, బర్సాత్, అందాజ్ లాంటి సినిమాల్లో పాటకి పిలిస్తే ఆమెనే పిలవాలి అనేంత డిమాండ్ ఉండేది. కుక్కూ ఈ కుటుంబానికి తెలిసినావిడ, ఆమే హెలెన్‌ని గ్రూప్ డాన్సుల్లోకి తీసుకొచ్చింది. 1951లో షబిస్తాన్, ఆవారా సినిమాల్లో వెనక వరసలో ఆడిన అమ్మాయిల్లో ఒకతి హెలెన్, వయసు పదమూడు కూడా సరిగ్గా నిండలేదు. సినిమా మీద మోజుతో వచ్చిన కేసు కాదు ఇది, ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఇంకో జీతం కావాలి, డాన్స్ లైన్‌లో నిలబడితే ఆ జీతం వస్తుంది, అంతే లెక్క.

ఇక్కడ హెలెన్‌ని కాస్త వదిలి ఇండస్ట్రీ వైపు చూడాలి. బొంబాయి సినిమాలో మొదట్నుంచీ తెర ముందుకి ధైర్యంగా వచ్చిన ఆడవాళ్ళలో ఆంగ్లో ఇండియన్లు, ఇరాక్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ బాగ్దాదీ యూదులు చాలామంది. సులోచన అసలు పేరు రూబీ మయర్స్, ప్రమీల అసలు పేరు ఎస్తర్ అబ్రహామ్, నాదిరా అసలు పేరు ఫ్లోరెన్స్ ఎజెకీల్, స్టంట్ సినిమాల ఫియర్‌లెస్ నాడియా ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టినావిడ. పరువుగల ఇంటి ఆడపిల్ల సినిమాల్లోకి పోవడమేంటి అనే రోజుల్లో ఆ ఖాళీని నింపింది వీళ్ళే. మూకీల కాలంలో వీళ్ళు హీరోయిన్లు కూడా, సులోచన అయితే తన కాలంలో అందరికంటే పెద్ద స్టార్లలో ఒకరు. టాకీలొచ్చి హిందుస్తానీ సాఫీగా మాట్లాడాల్సి రావడం, దానితోపాటు చదువుకున్న కుటుంబాల నుంచి అమ్మాయిలు రావడం, తర్వాత స్వాతంత్ర్యం, ఇవన్నీ కలిసి హీరోయిన్ అంటే ఇలా ఉండాలి అని ఒక అచ్చు తయారైంది. చీర, బొట్టు, సిగ్గు, త్యాగం. ఆ అచ్చులో పట్టని మొహాలకి మిగిలింది క్లబ్బు. 1955లో శ్రీ 420లో నాదిరా వేసిన మాయా పాత్ర చూడండి, చేతిలో సిగరెట్ హోల్డర్, ఒంటికి అతుక్కున్న గౌను, హీరోని పాడుచేసే డబ్బు ప్రపంచం మొత్తం ఆమె రూపంలోనే నిలబడింది, దానికి ఎదురుగా చీర కట్టుకున్న టీచరమ్మ నర్గీస్.

ఇంకో విషయం కూడా దీనికి కలిసొచ్చింది. బొంబాయి రాష్ట్రంలో 1949 నుంచి మద్యనిషేధ చట్టం ఉంది. సినిమాలు తీసే ఊళ్ళో బారుల్లేవు, కానీ తెర మీద ఎక్కడ చూసినా బార్లే, మెట్లు, తెరలు, సీసాలు, సూట్లు వేసుకున్న స్మగ్లర్లు. గోవా నుంచి వచ్చిన క్రిస్టియన్ మ్యుజీషియన్లు ఆ పాటలకి ట్రంపెట్, శాక్సొఫోన్ వాయించారు, ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలు వాటికి ఆడారు. ప్రేక్షకుడు బయట చూడలేని, చూడకూడదనుకునే ప్రపంచాన్ని తయారుచేసి పెట్టినవాళ్ళు చాలావరకు మైనారిటీలే, తెర మీద చెడు కూడా వాళ్ళ పేర్లతోనే ఉండేది. రూబీ, కిట్టీ, మోనికా. హీరోయిన్ పేరు సీతో రాధో గీతో అయ్యుంటుంది. దీన్ని ఎవరో కూర్చుని కుట్ర పన్ని చేశారని కాదు, అలా చేస్తే టికెట్లు తెగాయి, ఫ్యామిలీలు కూడా ఇబ్బంది పడకుండా చూశాయి, ఎందుకంటే ఆడుతున్నది "మన" పిల్ల కాదు కదా అన్న ధీమా ఉండేది.

1958 హౌరా బ్రిడ్జ్ దగ్గరికి వద్దాం. శక్తి సామంత సినిమా, ఓ.పి. నయ్యర్ మ్యూజిక్, గీతా దత్ గొంతు, హెలెన్‌కి పంతొమ్మిదేళ్ళు. మేరా నామ్ చిన్ చిన్ చూ పాటలో ఆమె చైనా అమ్మాయి. పాటలో ఆమె చెప్పుకునేదేంటంటే, చైనా నుంచి వచ్చాను, చక్కెరలాంటి మనసు తెచ్చాను, నా వయ్యారంలో సింగపూర్, షాంఘై ఉన్నాయి అని. తూర్పు వైపు దేశాలన్నీ ఒక చరణంలోనే దొర్లిపోతాయి, నిజంగా ఆమె వచ్చిన రంగూన్ మాత్రం లేదు. ఉండాలని కాదు, ఆ పాట రాసినవాళ్ళకి ఆ అవసరం లేదు. కానీ ఇది గమనించాలి, ఆమె నిజమైన పరదేశం ఆకలీ చావూ నిండిన నడక, దాన్ని ఏ నిర్మాతా కొనడు, తెరకి కావాల్సింది రంగు కాగితాల పరదేశం. ఆమె కళ్ళు, దవడ ఎముకలు ఆ కాగితాల పరదేశానికి సరిపోయాయి.

పాటని ఒకసారి జాగ్రత్తగా చూస్తే ఇంకోటి కూడా తెలుస్తుంది. కొరియోగ్రఫీ చిన్నదే, పెద్ద కష్టమైన స్టెప్పులేం లేవు. కానీ ఆమె మొహం ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండదు. ప్రతి లైన్‌కీ కనుబొమ్మలు, పెదాల మూల, మెడ వంపు మారుతూనే ఉంటాయి, గీతా దత్ గొంతులో ఉన్న కొంటెతనం ఎక్కడ పైకి లేస్తే అక్కడ ఆమె భుజం కూడా లేస్తుంది. చుట్టూ ఉన్న మగాళ్ళని చూసి నవ్వేది వాళ్ళని పిలవడానికి అన్నట్టు ఉండదు, ఈ సరదాలో నాదే పైచెయ్యి అన్నట్టు ఉంటుంది. తర్వాత ఇరవై ఏళ్ళు ఆమె క్యాబరే మొత్తానికి అదే ఆధారం. బట్టలు ఎంత తక్కువున్నా పాట వెగటుగా అనిపించకపోవడానికి కారణం చాలావరకు ఆ నవ్వే. (ఆ తక్కువ బట్టలు కూడా మనం అనుకున్నంత తక్కువేం కాదు, ఒంటి రంగులో కలిసిపోయే పల్చటి బాడీ స్టాకింగ్ వేసుకునేది, ఆమె పాటల గురించి రాసే చాలామంది ఈ సంగతి వదిలేస్తారు.)

అదే సినిమాలో హీరోయిన్ మధుబాల కూడా క్లబ్ డాన్సరే, పాత్ర పేరు ఎడ్నా, ఆయియే మెహెర్‌బాన్ పాట ఆమెదే. కానీ కథ ఎడ్నాని ఆ క్లబ్బు నుంచి బయటికి తీసుకొస్తుంది, హీరోతో కలుపుతుంది. చిన్ చిన్ చూ పాడిన అమ్మాయి పాట అయిపోగానే సినిమాలోంచి మాయం. ఒకే వృత్తి, ఒకే సెట్టు, ఒకరికి కథ ఉంది, ఇంకొకరికి పాట ఉంది. ఇంకా బాధపడాల్సిన విషయం, ఆ పాట వచ్చిన నాలుగేళ్ళకి 1962 యుద్ధంలో కలకత్తాలోనూ ఈశాన్యంలోనూ తరాలుగా ఉంటున్న చైనీస్ కుటుంబాల్ని పట్టుకెళ్ళి రాజస్థాన్‌లో దేవళీ క్యాంపులో పెట్టారు. తెర మీద చైనా అమ్మాయి అంటే ఈలలు వేసిన దేశంలోనే నిజం చైనా అమ్మాయి శత్రువైపోయింది.

చిన్ చిన్ చూ హిట్టయ్యాక హెలెన్‌కి ఖాళీ లేదు. తమిళంలో కూడా అదే 1958లో శివాజీ గణేశన్ ఉత్తమపుత్రన్‌లో యారడీ నీ మోహినీ పాటకి ఆడింది. హీరోయిన్‌గా ప్రయత్నాలు జరగలేదని కాదు, 1964లో చా చా చా అనే సినిమాలో ఆమే హీరోయిన్, పాటలు మంచివే, సినిమా మాత్రం ఆమెని ఆ మెట్టు మీద నిలబెట్టలేకపోయింది. పెద్ద బ్యానర్లకి ఆమె పాటకే కావాలి.

1965 గుమ్‌నామ్‌తో కాస్త చోటు దొరికింది. ఒక దీవిలో చిక్కుకుపోయినవాళ్ళు ఒక్కొక్కరే చనిపోతుంటారు, వాళ్ళలో మిస్ కిట్టీ హెలెన్. బీచ్‌లో పాడే పాట లతా మంగేష్కర్‌ది, బతకాలంటే నవ్వుతూ బతకండి అన్న ధోరణిలో ఉంటుంది. మెహమూద్‌తో హమ్ కాలే హై తో క్యా హువా పాటలో కామెడీ టైమింగ్ కూడా చూపించింది. కిట్టీ తాగుతుంది, సరదాగా ఉంటుంది, హీరోకి మనసిస్తుంది, చనిపోతుంది. సపోర్టింగ్ యాక్ట్రెస్‌గా ఫిల్మ్‌ఫేర్ నామినేషన్ వచ్చింది. మరుసటి ఏడు తీస్రీ మంజిల్‌లో రూబీ కూడా అంతే, హీరోని ప్రేమిస్తుంది, తూటాకి బలైపోతుంది. డాన్‌లో కామినీ హీరోని ప్రేమించకపోయినా ఆమెదీ చివరికి చావే. ఇలాంటి పాత్రల్ని వరసగా చూస్తే ఒక పద్ధతి కనపడుతుంది: ఈ అమ్మాయి ప్రేమ నిజమే అని కథ ఒప్పుకుంటుంది, కానీ ఆ ప్రేమకి పెళ్ళి ఇవ్వడం కథకి ఇష్టం లేదు, చావు ఇస్తే ఆమె మంచిదైపోతుంది, హీరో చేతులు కూడా శుభ్రంగా ఉంటాయి. పూర్తి విలన్‌లా రాసిన వ్యాంప్ (మగాళ్ళని వలలో వేసుకునే ఆడది) పాత్రల కంటే ఈ మంచి వ్యాంప్ పాత్రలే ఎక్కువ అన్యాయం చేశాయి అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ రచయితకి ఆమె మంచితనం తెలుసు, తెలిసే చంపాడు.

డాన్స్ విషయానికి వస్తే, హెలెన్ ఏదో పుట్టుకతో వచ్చిన ఫారిన్ ఒళ్ళుతో ఊగిపోయింది అనుకుంటే తప్పు. మణిపురి, భరతనాట్యం, కథక్ నేర్చుకుంది. 1969 ప్రిన్స్ సినిమాలో వైజయంతిమాలకీ హెలెన్‌కీ డాన్స్ పోటీ పాట ఉంది, ముకాబ్లా హమ్‌సే న కరో, మధ్యలో షమ్మీ కపూర్. వైజయంతిమాల అంటే చిన్నప్పట్నుంచీ భరతనాట్యంలో పెరిగినావిడ, ఆమెతో స్టైల్ తర్వాత స్టైల్ మారుస్తూ పోటీ పడే పాటలో ఎదురుగా నిలబెట్టడానికి డైరెక్టర్‌కి గుర్తొచ్చిన మనిషి హెలెన్. కథ ప్రకారం ఎవరు గెలవాలో ముందే తెలుసు, అది వేరే విషయం, కాళ్ళ మీద కన్నేసి చూస్తే హెలెన్ ఎక్కడా తడబడదు. ఆ తర్వాత 1977లో ఇన్‌కార్‌లో ముంగడా పాట చూడండి, ఉషా మంగేష్కర్ పాడింది, నాటు సారా అమ్మే చోట మరాఠీ కట్టు చీరలో హెలెన్, క్యాబరే వాసన కూడా లేదు. క్లబ్బు లోపల పెట్టి చూపించాం కాబట్టి ఆమె క్లబ్బు మనిషి అనిపించింది గానీ, బయటికి తీసి మట్టి మీద నిలబెడితే అక్కడా నిలబడింది.

1971 కారవాన్‌లో పియా తూ అబ్ తో ఆజా పాట, అంటే మొదట్లో చెప్పిన మోనికా పాట, ఆమె పనితనానికి పెద్ద పరీక్ష. ఆర్.డి. బర్మన్ అందులో ఊపిరిని కూడా తాళంలా వాడాడు, ఆశా భోస్లే పల్లవికీ చరణానికీ మధ్య ఎగశ్వాసని లయలో వదులుతుంది. ఇప్పుడు ఆ ఊపిరిని తెర మీద ఎవరో ఒకరు ఒంట్లోంచి వచ్చినట్టు చూపించాలి, పెదాలు కదిపితే సరిపోదు, ఛాతీ, భుజాలు, పొట్ట అన్నీ ఆ టైమింగ్‌కి ఎగసిపడాలి, పైగా పరిగెడుతూ, తిరుగుతూ, ఎదురుచూస్తున్న ఆడదాని ఆరాటం మొహంలో ఉంచుతూ. ఒక్క బీట్ తప్పితే మొత్తం నవ్వులపాలవుతుంది. హెలెన్ ఎక్కడా తప్పదు. అప్పటికి ఆమెకి ముప్ఫై దాటాయి, ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది, ఆ అనుభవం మొత్తం ఆ పాటలో ఉంది. ఆ పాటకి ఫిల్మ్‌ఫేర్ అవార్డు ఆశాకి వచ్చింది, న్యాయంగానే వచ్చింది. 1978 డాన్‌లో యే మేరా దిల్ పాటకి కూడా ఆశాకే వచ్చింది. డాన్స్‌కి మాత్రం అవార్డే లేదు, ఫిల్మ్‌ఫేర్‌లో కొరియోగ్రఫీకి మొదటిసారి అవార్డు ఇచ్చింది తేజాబ్‌లో ఏక్ దో తీన్ పాటకి సరోజ్ ఖాన్‌కి, అంటే 1989లో. ఆడేవాళ్ళకి అప్పుడు కూడా లేదు. వందల సినిమాల్లో పాటని మోసిన మనిషి పనికి లెక్కల్లో ఒక గడి కూడా లేకపోవడం చిన్న విషయం కాదు.

గొంతుల విషయంలో కూడా హీరోయిన్‌కీ వ్యాంప్‌కీ గీత ఉండేది, హీరోయిన్‌కి లత, క్లబ్బుకి గీతా దత్, తర్వాత ఆశా. ఆ హద్దు గీత అంత కచ్చితమేం కాదు, 1969 ఇంతకామ్‌లో ఆ జానే జా పాట లతా హెలెన్‌కి పాడింది, లతా పాడిన క్యాబరే అని ఇప్పటికీ ప్రత్యేకంగా చెప్పుకుంటారు, అలా ప్రత్యేకంగా చెప్పుకోవాల్సి రావడమే ఆ గీత ఎంత గట్టిదో చెప్తుంది. తెలుగులో కూడా క్లబ్ పాట అంటే ఎల్.ఆర్. ఈశ్వరి, హీరోయిన్ పాట అంటే సుశీల అన్నట్టే నడిచింది, జ్యోతిలక్ష్మి, జయమాలిని, తర్వాత సిల్క్ స్మిత ఈ గీతకి అటువైపే ఉన్నారు. ఒక తేడా ఉంది. మన దగ్గర వాళ్ళు పరాయి దేశం మొహాలు కాదు, సిల్క్ స్మిత అయితే ఏలూరు వైపు పిల్లే, అయినా గీత గీతలాగే ఉంది. అంటే పరాయితనం అనేది పుట్టుకతో వచ్చేది మాత్రమే కాదు, పాత్రతో కూడా అంటించగలరు. బొంబాయికి హెలెన్ దొరికింది కాబట్టి ఆ పని సులువైంది.

డెబ్బైలు మొదలయ్యేసరికి గీత అటువైపు నుంచి కాకుండా ఇటువైపు నుంచి చెరిగింది. జీనత్ అమన్, పర్వీన్ బాబీ వచ్చారు, హీరోయినే గౌను వేసుకుంది, హీరోయినే సిగరెట్ తాగింది, హీరోయినే క్లబ్బులో పాడింది. సినిమా మోడరన్ అయిందని సంతోషించినవాళ్ళకి హెలెన్ లాంటివాళ్ళ పని పోతోందన్నది కనపడలేదు. అదే టైమ్‌లో, 1974 ప్రాంతంలో, నిర్మాత పి.ఎన్. అరోరాతో చాలాకాలం నడిచిన బంధం తెగిపోయింది, ఆర్థికంగా కూడా బాగా దెబ్బతింది. వ్యక్తిగత సంగతులు అంతకంటే తవ్వడం అనవసరం. అప్పుడు రచయిత సలీం ఖాన్ సాయంతో సలీం-జావేద్ రాసిన ఇమాన్ ధరమ్, డాన్, దోస్తానా సినిమాల్లో పాత్రలు వచ్చాయి. 1981లో సలీం, హెలెన్ పెళ్ళి చేసుకున్నారు.

డాన్‌లో ఆమె పాత్ర చిన్నదే, కానీ నటిగా ఆమెని తక్కువ చేసేవాళ్ళు యే మేరా దిల్ పాట చూడాలి. కామినీకి కాబోయే భర్తని డాన్ చంపాడు, పగతో ఆమె డాన్ గదిలో చేరింది, పోలీసులొచ్చే దాకా వాడిని అక్కడే ఆపాలి. కాబట్టి ఆ డాన్స్ లోపల ఇంకో నటన ఉంది, డాన్‌కి కనపడాల్సింది మోహం, మనకి కనపడాల్సింది భయం, ఈ రెండూ ఒకే మొహంలో ఒకే షాట్‌లో. డాన్‌గా వేసిన అమితాబ్ వెనక్కి తిరిగినప్పుడల్లా ఆమె కళ్ళు మారతాయి, తిరిగి చూసేలోపు మళ్ళీ నవ్వు వచ్చేస్తుంది. క్యాబరే పాటని కథకి అడ్డం కాకుండా కథే చేసిన పాట అది, దాన్ని మోసింది ఆమె కళ్ళు.

1979లో మహేశ్ భట్ తీసిన లహూ కే దో రంగ్‌లో సూజీ పాత్రకి సపోర్టింగ్ యాక్ట్రెస్ ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. సూజీ హాంకాంగ్ ఆడమనిషి, ఇండియా మగాడిని ప్రేమించి, బిడ్డని కని, ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఇరవై ఏళ్ళ కింద చైనా బొమ్మలా ఆడించిన ఇండస్ట్రీ, ఆ చైనా అమ్మాయి తల్లైతే, వయసైతే, ఆమెకి ద్రోహం జరిగితే ఎలా ఉంటుందో రాసిచ్చింది ఇప్పుడు. ఆమె చేసి చూపించింది. అలాంటి పాత్ర 1965లో గుమ్‌నామ్ తర్వాతే వచ్చుండాల్సింది, పద్నాలుగేళ్ళు ఆలస్యమైంది.

విదేశీయులకి ఈమె గొప్ప ముందే తెలిసింది, 1973లోనే మర్చంట్ ఐవరీ అనే సినిమా సంస్థ వాళ్ళు హెలెన్ మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. మన ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది 2009లో, అప్పటికి డెబ్బై ఏళ్ళు. మధ్యలో 1996లో సంజయ్ లీలా భన్సాలీ తన మొదటి సినిమా ఖామోషీలో ఆమెకి నాయనమ్మ పాత్ర ఇచ్చాడు, గోవా క్రిస్టియన్ ఇల్లు, పియానో, చెవుడూ మూగా అయిన కొడుకూ కోడలూ, పాట మీద ప్రాణం పెట్టుకున్న మనవరాలు. ఆ ఇంట్లో క్రిస్టియన్ పేరు పెట్టుకున్న ఆడమనిషి తాగుబోతూ కాదు, స్మగ్లర్ మనిషీ కాదు, చనిపోతే హీరో బతికే పాత్ర కాదు, పిల్లకి సంగీతం నేర్పే నాయనమ్మ. అలాంటి పాత్రలు ఆంగ్లో ఇండియన్, గోవా, యూదు నటీమణులకి యాభైల్లోనే రాసుంటే హిందీ సినిమాలో ఎన్ని మొహాలు కథల్లోకి వచ్చుండేవో, కుక్కూ లాంటివాళ్ళు 1981లో అంత పేదరికంలో పోవాల్సి వచ్చేదో లేదో, ఈ ప్రశ్నలు సినిమా చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికైనా గట్టిగా అడగాలి.